నీడ పుస్తకంలో సున్నా

మధ్యాహ్నం బెల్లు మోగడం ఇంకా ఆగనే లేదు, వీధిలోంచి ట్రాక్టరు శబ్దం వినబడింది. శేషయ్య గారు కొత్తగా కొన్న ఎర్ర ట్రాక్టరు అది. ఆళ్లగడ్డ పిల్లల్లో చాలామంది అప్పటిదాకా ట్రాక్టరును బొమ్మలో తప్ప చూడలేదు. ఇంకేముంది, సద్ది గిన్నెలు ఎక్కడివక్కడ వదిలేసి ఒకటే పరుగు.

ప్రసన్నకుమారి కూడా పరుగెత్తింది. ఒక్క నిమిషం చూసి వచ్చేద్దాం అనుకుంది. కానీ ట్రాక్టరు చక్రం బురదలో దిగబడింది. పదిమంది తోస్తే గానీ పైకి రాలేదు. అంత వేడుక వదిలి ఎవరైనా వస్తారా? తన పని గుర్తొచ్చి ఆమె ఒక్క ఉదుటున వెనక్కి తిరిగింది. ఆయాసపడుతూ బడికి వచ్చేసరికి గోడ గడియారంలో పన్నెండుముప్పావు.

ఆమె పని పన్నెండుంబావుకు.

ఆ పని ఏమిటో చెప్పాలి. అది 1959 ఆగస్టు నెల. రెండేళ్ల కిందట రష్యా వాళ్లు స్పుత్నిక్‌ను పంపినప్పటి నుంచి జయరాజు సారుకు ఆకాశం మీద పిచ్చి పట్టుకుంది. "మన కాడ రాకెట్టు లేదు. గడ్డపార ఉంది గదా, దాంతోనే మొదలుపెడదాం" అన్నాడు పిల్లలతో. ప్రసన్న నాయన యోబు తాపీ మేస్త్రి. నాపరాతి బండకు నడిమధ్య బెజ్జం తొలిచి, బడి ముందు పరిచి, అందులో తన గడ్డపారను నిట్టనిలువుగా నిలబెట్టి ఇచ్చాడు.

రోజూ మధ్యాహ్నం దాని నీడ పొట్టిగా, ఇంకా పొట్టిగా అయి మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది. అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు కొలబద్దతో కొలిచి నీడ పుస్తకంలో రాయాలి. అక్కడ ఉత్తరాన నంద్యాల బడిలో ఆనందరావు సారు పిల్లలు కూడా అంతే ఎత్తు గడ్డపారకు ఇలాగే కొలుస్తున్నారు. సూర్యుడు రోజురోజుకూ దక్షిణానికి జరుగుతున్నాడు. ముందు నంద్యాల నడినెత్తికి వస్తాడు, ఒకటి రెండు రోజుల తర్వాత ఆళ్లగడ్డ నడినెత్తికి. అప్పుడు గడ్డపారకు నీడే ఉండదు. ఒక ఊళ్లో నీడ సున్నా అయిన రోజున రెండో ఊళ్లో ఎంతుందో తెలిస్తే, రెండు ఊళ్ల మధ్య దూరంతో భూమి ఎంత పెద్దదో మనమే లెక్క కట్టవచ్చని సారు ఆశ. క్లాసులో ఇంతమంది ఉండగా ఆయన ఆ పుస్తకాన్ని ప్రసన్న చేతికి ఇచ్చాడు. దాన్ని ఆమె బైబిలు పక్కన పెట్టి దాచుకునేది.

ఇప్పుడు బండ మీద నీడ తూర్పుకు సాగిపోయి నాలుగు వేళ్ల పొడవుంది. కొలిచినా లాభం లేదు.

ప్రసన్న పుస్తకం తెరిచింది. సోమవారం కొలబద్ద మీద నాలుగు గీతలు. మంగళవారం రెండు గీతలు. ఈరోజు బుధవారం. రోజుకు రెండేసి తగ్గుతుంటే ఇక ఏం మిగులుతుంది? ఇంత చిన్న లెక్క ఒకటో తరగతి పిల్లలైనా చేస్తారు. అటూ ఇటూ చూసి, గుండ్రంగా 'సున్నా' పెట్టింది.

భోంచేసి వచ్చిన జయరాజు సారు ఆ సున్నాను చూసి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"నీడ లేదా పాపా? రవ్వంత కూడా?"

"లేదు సార్" అంది ప్రసన్న నేల చూపులు చూస్తూ.

సారు అక్కడికక్కడే నంద్యాలకు కార్డు రాశాడు. తానే నడిచి వెళ్లి పోస్టు డబ్బాలో వేసి వచ్చాడు.

పొద్దు వాలాక ప్రసన్న, వాళ్ల నాయన అన్నానికి కూర్చున్నారు. అమ్మ జీవమ్మ జొన్నరొట్టె మీద గోంగూర పప్పు వేసింది.

"మధ్యాన్నం మీ బడికాడికి వచ్చినా పాపా" అన్నాడు యోబు. "బెల్లు కొట్టినంక. ఒక్క పురుగు లేదు ఆడ. యాడికి పోయినారు అందరూ?"

"ట్రాక్టరు చూసేకి పోయినాం నాయనా. నువ్వెందుకొచ్చినావ్?"

"పక్క సందులో మెట్ల బండ లేపుతాండాం. ఉన్న గడ్డపార వంగిపాయ. మీ గడ్డపార పీక్కపోయి, అరగంటలో పని చేసుకోని మళ్లా తెచ్చి నిలబెట్టినా. తూకం గుండేసి చూసినాలే, వెంట్రుకంత కూడా వంగలేదు. మీ సారుకు చెప్పు, ఏమనుకోవద్దని."

ప్రసన్న నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది. నీడ లేదని తను రాసింది. నీడ మాట దేవుడెరుగు, ఆ వేళకు అక్కడ గడ్డపారే లేదు.

"ఏందీ, తినకుండా అట్ల కూచున్నావ్?" అంది జీవమ్మ.

"ఏంలేదమ్మా."

ఈ సంగతి సారుకు తెలిసే దారి లేదు. నాయనకు నీడ పుస్తకం గొడవ పట్టదు. తను నోరు మూసుకుంటే చాలు, ఆ సున్నా అలాగే నిలిచిపోతుంది. సారు దాన్ని నమ్మి లెక్క కడతాడు. ఆ లెక్క తప్పయితే ఎక్కడ తప్పిందో తెలియక తల పట్టుకుంటాడు. చెబితేనో, పుస్తకం తన చేతిలోంచి పోతుంది. ఏది తలుచుకున్నా ప్రసన్నకు ఏడుపే వచ్చింది.

గురువారం పొద్దున బడి మొదలుకాక ముందే సారు బల్ల దగ్గర నిలబడింది.

"సార్, నిన్న సున్నా గాదు."

"మరెంత?"

"తెలీదు సార్. నేను చూడలే. ట్రాక్టరు కాడ ఉండిపోయినా. వచ్చి ఊరికే రాసేసినా." అక్కడితో ఆపలేదు. "నేను ఉన్నా కూడా లాభం లేదు సార్. ఆ పొద్దుకు గడ్డపార మా నాయన ఎత్తుకపోయినాడు."

జయరాజు సారు కిటికీలోంచి బండ వైపు చూశాడు. రెండు నెలలుగా ఎదురుచూసిన రోజు కదా, ఆయన మొహం చిన్నబోయింది. తిట్టినా బాగుండేదని ప్రసన్నకు అనిపించింది.

"మళ్లీ యెప్పుడొస్తాది సార్, ఆ దినం?"

"మే నెలలో. సూర్యుడు తిరిగి ఉత్తరానికి వచ్చేటప్పుడు." సారు పుస్తకం ఆమె ముందుకు జరిపాడు. ప్రసన్న రబ్బరు తీసింది.

"చెరపొద్దు. అడ్డంగా గీత కొట్టు. కిందున్నది కూడా కనబడాల."

సున్నా మీద గీత కొట్టి, పక్కన 'చూడలేదు' అని రాసింది. ఆ నాలుగక్షరాలు వంకరటింకరగా వచ్చాయి.

"నంద్యాలకు కార్డు నువ్వే రాయి" అన్నాడు సారు. "పన్నెండుంబావుకు కాదు, పన్నెండుకే పోయి బండ కాడ నిలబడు."

పుస్తకం ఆయన తీసుకోలేదు. ప్రసన్న దాన్ని గుండెకు హత్తుకుని పోయింది. ఆ మధ్యాహ్నం నీడ గడ్డపారకు అవతలి పక్కన, ఉత్తరం వైపు, రెండు గీతలు పడింది. సూర్యుడు ఆళ్లగడ్డను దాటి వెళ్లిపోయాడు.

సాయంత్రం కార్డు రాసింది. 'బుధవారం సున్నా అని మేము రాసినది అబద్ధం. నేను చూడలేదు. తప్పు నాదే, మా సారుది కాదు. ప్రసన్నకుమారి.' నంద్యాల పిల్లలు కార్డు చదివి నవ్వుతారని తెలుసు. అయినా వేసింది.

తరువాతి బుధవారం జవాబు వచ్చింది. సారు క్లాసులో పైకి చదివాడు.

'ప్రసన్నకుమారి కార్డును మా పిల్లలకు చదివి వినిపించాను. చదవడం అయిపోగానే మా చెన్నకేశవులు, లీలావతి లేచి నిలబడ్డారు. మంగళవారం మధ్యాహ్నం నంద్యాలలో మబ్బు పట్టిందట. వీళ్లూ నీడ చూడకుండానే సున్నా రాశారట. మేమూ గీత కొట్టాము. మే నెలలో రెండు ఊళ్లూ మళ్లీ చూద్దాం. ఆనందరావు.'

ముందు సారు నవ్వాడు. తర్వాత క్లాసంతా నవ్వింది. ప్రసన్నకు వారం నుంచి గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది.

ఇంతలో మధ్యాహ్నం బెల్లు కొట్టారు. ప్రసన్న బండ దగ్గరికి వెళ్లేసరికి నల్లమబ్బు ఒకటి సూర్యుడి మీదికి వచ్చి కూర్చుంది. పన్నెండుంబావు అయింది. పన్నెండున్నర అయింది. మబ్బు కదల్లేదు. సద్ది తినడం ముగించి వచ్చిన ఆమె క్లాసు శ్రీనివాసులు ఆమె భుజం మీదుగా పుస్తకంలోకి తొంగి చూశాడు.

"నిన్న పన్నెండు గీతలు గదా. ఈ పొద్దు పద్నాలుగు ఉంటాది. రాసెయ్, పోదాం. ఆకలి కాలేదా నీకు?"

"అయితాంది" అంది ప్రసన్న.

ఆకాశం వైపు ఇంకోసారి చూసింది. పెన్సిలు ములుకు నాలుకతో తడిపి, బుధవారం ఎదురుగా తీరిగ్గా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

'మబ్బు. చూడలేదు.'