దీంట్లో మీకేమొస్తాది?

డాక్టర్ సుచిత్ర నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను ఎడమ చెంప పట్టుకుని నిలబడి ఉన్నాను. ప్రేమలో పడి కాదు, పన్ను నొప్పితో.

అసలు నేను హిందూపురం వెళ్లింది వైద్యానికి కానే కాదు. ఆమెకు ఒక ఫైనాన్షియల్ అడ్వైజర్ కావాలని తెలిసి, పొద్దున్నే ధర్మవరంలో రైలెక్కాను. ఇన్‌షర్ట్ చేసుకుని, చంకలో ఫైలు పెట్టుకుని, వాచిన దవడతో.

"కూర్చోండి," అని పేషెంట్ల కుర్చీ చూపించింది.

"మేడమ్, నేను అడ్వైజర్‌ని. పేరు తిరుపాల్."

"తెలుసు. నోరు తెరవండి. ముందొచ్చిన ముగ్గురూ నన్ను ఒక్క మాట మాట్లాడనీలేదు. మీతో అయినా నేను మాట్లాడతా. నొప్పైతే ఎడమ చెయ్యెత్తండి."

నా నోట్లో అద్దం పెట్టి తన సంగతి చెప్పింది. ఆరేళ్లుగా ఇంకో డాక్టరు క్లినిక్‌లో జీతానికి పనిచేస్తోంది. కూడబెట్టిందంతా పెట్టి సొంత క్లినిక్ తెరవాలి. హిందూపురంలో వీధికొక డెంటిస్టు ఉన్నారు. మరి పెనుకొండా, ధర్మవరమా? ఊరు తప్పు ఎంచుకుంటే ఆరేళ్ల కష్టమూ పోయినట్టే.

"మా చిన్నాయన పాలసీలు అంటగట్టినాడు. ఇంకొకాయన ఫ్లాట్ కొనమన్నాడు. ఎవరి కమిషన్ వాళ్లకుండాది. దీంట్లో మీకేమొస్తాది?"

అప్పుడు అద్దం తీసింది.

"ఫీజొస్తాది మేడమ్, అంతే. మీరు కొన్నా కొనకపోయినా అదే ఫీజు. యాడా కమిషన్ తీసుకోను. అయినా నన్ను ఊరికే నమ్మొద్దు. నేనేం చెప్పినా ఇదే మాట అడగండి."

మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూడగానే నా ఎడమ చెయ్యి దానంతటదే లేచింది.

"నొప్పా?"

"కాదు మేడమ్. ఊరికే."

ఏ ఊళ్లో క్లినిక్ పెట్టాలో రిపోర్టు రాసే పని నాకిచ్చింది. రూట్ కెనాల్‌కు నాలుగు సిట్టింగులంది. నాలుగు శనివారాలు. ఆమె నా పన్ను చూసేది, నేను ఆమె పేషెంట్ల రిజిస్టరు చూసేవాణ్ణి. మూడో శనివారం వాన దంచికొట్టి కరెంటు పోయింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చినుకులు పట్టుకుంటూ, "రిపోర్టు ఎప్పుడిస్తారు సార్?" అంది.

"అయిపోవచ్చింది మేడమ్."

పచ్చి అబద్ధం. రిపోర్టు అయిపోయి వారమైంది. ఇచ్చేస్తే ఈ శనివారాలు ఉండవు కదా!

నాలుగో శనివారం ఇవ్వక తప్పలేదు. ధర్మవరం అని రాశాను. సోమవారమే అక్కడ నేను చూసిపెట్టిన గదికి అడ్వాన్సు ఇస్తానంది. నేను ఈలవేసుకుంటూ రైలెక్కాను.

పెనుకొండలో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఒక ముసలాయన, చెంపకు టవలు కట్టుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి పలకరించాను.

"యాడికి తాతా?"

"హిందూపురానికప్పా, పన్ను చూపించుకోను. రొద్దం నుంచి వస్తాండా. ఈడ యాడుండారు డాక్టర్లు?"

నా ఈల ఆగిపోయింది. రిజిస్టరులో సగం మంది పెనుకొండ, రొద్దం వైపు వాళ్లే. ఆ లెక్క తీసింది నేనే, రిపోర్టు చివరి పేజీలో కనపడకుండా పడేసిందీ నేనే. మరి ధర్మవరం అని ఎందుకు రాశాను? ఆ గది మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంది, అందుకు! ఛీ, నామీద నాకే అసహ్యం వేసింది. రైలు దిగేసి, ముసలాయనతో పాటు హిందూపురం రైలెక్కాను.

క్లినిక్‌లో సుచిత్రతో పాటు వాళ్ల నాయన మురళీధర్ గారు కూడా ఉన్నారు. ఆయనకు చింతపండు మండీ ఉంది.

"అడ్వాన్సు ఇయ్యొద్దు మేడమ్. పెనుకొండే కరెక్టు. నేను తప్పు రాసినా."

"తెలిసే తప్పు రాసినారా? నేను ధర్మవరం వస్తే మీకేమొస్తాది?"

చెప్పక తప్పలేదు. అదీ వాళ్ల నాయన ముందర.

"రోజూ మిమ్మల్ని చూడొచ్చు మేడమ్. అదొస్తాది."

మురళీధర్ గారు కళ్లజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. సుచిత్ర ముఖం ఎర్రబడింది, సిగ్గుతో మాత్రం కాదు.

"నా ఆరేండ్ల కష్టం మీకు ఆటగా ఉండాదా?"

"లేదు మేడమ్. అందుకే పరిగెత్తి వచ్చినా. ఇంగ నేను మీకు అడ్వైజర్‌గా పనికిరాను. అనంతపురంలో నీలావతి మేడమ్ ఉండారు, ఆయమ్మను అడగండి. నా ఫీజు వాపసు ఇచ్చేస్తా."

"మీరు పోండి," అంది. పోయాను.

పన్ను మీద క్యాపు పెట్టడం మిగిలిపోయింది. రెండు నెలలు ఆ వైపు నమలకుండానే తిన్నాను. వేరే డెంటిస్టు దగ్గర నోరు తెరవడానికి మనసొప్పలేదు.

ఒక ఆదివారం ఫోన్ మోగింది. "మీ క్యాపు వచ్చిండాది. పెనుకొండకు రండి."

పెనుకొండ! ఎలా వెళ్లానో నాకే తెలియదు. కొత్త బోర్డు, కొత్త రంగు వాసన, బెంచీ మీద ఆరుగురు పేషెంట్లు. మురళీధర్ గారే చీటీలు రాస్తున్నారు.

"ఏమప్పా, నోటికాడి ఫీజు దుడ్లు వదులుకున్న అడ్వైజరూ! లోపలికి పో."

లోపల అదే మాట. "నోరు తెరువు."

మీరు నుంచి నువ్వుకు వచ్చిందని నేను గమనించేలోపే క్యాపు అతికించి నోట్లో దూది కుక్కేసింది.

"నీలావతి మేడమ్ కూడా పెనుకొండే అనింది. నీ గురించీ అడిగినా. 'ఆ అబ్బాయి నీకు అడ్వైజర్‌గా వద్దమ్మా, వేరే దేనికన్నా పనికొస్తాడేమో చూడు' అనింది."

కళ్లు పెద్దవి చేశాను. నోరు అప్పటికే తెరిచే ఉంది మరి.

"నాకు రెండు నెలలు కోపం పోలేదు. కానీ అడిగిన మాటకు నిజం చెప్పింది నువ్వొక్కడివే. చూడు, పెనుకొండ మా ఊరికీ మీ ఊరికీ నడుమన ఉండాది. ఈడే ఇల్లు చూసుకుంటే ఇద్దరికీ రైలు చార్జీ మిగుల్తాది." గొంతు తగ్గింది. "దీంట్లో నీకేమొస్తాది అని నువ్వు అడగలేవు, నోట్లో దూదుండాది. నేనే చెప్తాండా. నాకు నువ్వొస్తావు."

నా గుండె చప్పుడు ఆ కుర్చీకి కూడా వినిపించి ఉంటుంది.

"ఇష్టం లేకుంటే ఎడమ చెయ్యెత్తు."

ఎడమ చేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నాను. మొదటిరోజు దానంతటదే లేచిన చెయ్యి అది, దాన్ని నమ్మడానికి లేదు.

తెర అవతల నుంచి మురళీధర్ గారి గొంతు వినిపించింది.

"ఎత్తినాడేమ్మా?"

"లేదు నాయనా!"

"అయితే కాఫీ చెప్తాండా. మనిద్దరికే. ఆయప్ప క్యాపు ఆరనీ."