కెమెరా పక్కన నిలబడినవాడు

"ఊపిరి బిగబట్టి కొలతలిస్తే చొక్కా పిగిలిపోక ఏమవుతుంది సార్!" అని మొదటిరోజే హీరో మీద విరుచుకుపడ్డాడు అక్బర్, మైపాడు బీచ్‌లో తీస్తున్న సీరియల్‌కి టైలర్.

"పొట్ట కనపడితే పరువు పోదా అబ్బా!" అని పగలబడి నవ్వాడు ఆ హీరో, హెబ్రోను. అక్బర్ పడిపోయింది ఆ నవ్వుకే.

కోట అనే ఊరి నుంచి వచ్చి, ఎనిమిదేళ్లు షూటింగుల్లో గుంపులో నిలబడి, ఈ సీరియల్‌లో ఒక్క కానిస్టేబుల్ వేషంతో ఇంటింటికీ చేరినవాడు హెబ్రోను. తోటి కానిస్టేబుల్‌గా నరేంద్రబాబు. ఆ ఇద్దరిదీ స్నేహం కాదు, ప్రేమేనని వాళ్ల చూపులన్నీ ఏరి ఫోన్లలో వీడియోలు పెట్టేవాళ్లు బోలెడు మంది. అక్బర్ అన్నీ చూశాడు. హెబ్రోను నటనకి పొంగిపోయాడు, నరేంద్రబాబు అదృష్టానికి కుళ్లుకున్నాడు.

షూటింగ్ ఆఖరిరోజు జోరున వాన పట్టుకుంది. బట్టల వ్యాన్‌లో ఇద్దరే మిగిలారు. తెల్లారితే హెబ్రోను సినిమా వేషం కోసం హైదరాబాద్ వెళ్లిపోతాడు. అక్బర్ ఉండబట్టలేకపోయాడు.

"నరేంద్రబాబుగారికి చెప్పేయండి సార్. మీ చూపులోనే కనిపిస్తా ఉంది."

"ఏంది కనిపిస్తా ఉండేది?"

"ప్రేమ. ఆ పడవ సీన్ చూసి నేను మూడుసార్లు ఏడ్చినా."

"ఆరోజు నరేంద్రబాబు వచ్చినాడా?"

రాలేదు. నరేంద్రబాబు డేట్లు ఎప్పుడూ దొరికేవి కావు. అతని షాట్లు విడిగా తీసేవారు. హెబ్రోను క్లోజప్‌కి మాత్రం ఎదుటి మనిషి బదులు కెమెరా పక్కన ఎవరో ఒకరు నిలబడాలి. డైరెక్టర్ అక్బర్‌నే నిలబెట్టేవాడు. అక్బరేమో తలెత్తకుండా, చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నాయా లేదా అని చూసుకునేవాడు.

"ఆస్పత్రి సీన్‌లో ఎవరుండారు?"

"నేనే."

"చర్చి మెట్ల మీద?"

"నేనే... అయినా అది నటన కదా సార్!"

"మొదటి వారం నటనే. తర్వాత నటించడం నా వల్ల కాలేదు. డైరెక్టర్ మెచ్చుకుంటా ఉంటే సిగ్గేసేది." అన్నాడు హెబ్రోను. "రేపు పోవాలంటే కాళ్లు రావడం లేదు అక్బర్. పొమ్మంటావా, ఆగమంటావా?"

అక్బర్ మాట తడబడలేదు. "పోండి. ఇన్నేళ్లకి వచ్చిన సినిమా వేషం, వదలొద్దు. నేను వెనకాలే వస్తా. మా అమ్మకి నేనే చెప్పుకుంటా."

"నిజంగానా?"

"రోజూ రాత్రి ఏడున్నరకి మన సీరియల్ కోసం టీవీ ముందు కూర్చునేవాణ్ణి సార్. ఎదురుగా ఉన్నప్పుడు మీ మొహం చూసే ధైర్యం లేక."

అని తలెత్తి, మొదటిసారి, కళ్లలోకి చూశాడు.