తీపులు తీసే కాలు

పైడిరాజు ఆ చీలమండను తెర మీద నెమ్మదిగా తిప్పి చూశాడు. వాపు దిగింది. కీలుబంధం చిరిగిన చోట కొత్త పోగులు అల్లుకున్నాయి కానీ ఇంకా పలచగానే ఉన్నాయి. ఆ కాలు సముద్రం మీద గాలిమరలెక్కి పనిచేసే అప్పలనర్సమ్మది. నిచ్చెన మీద జారి చీలమండ మెలిపడ్డప్పటి నుంచి ఆమె సముద్రం మధ్యనే, దెబ్బ తగిలినవాళ్లు కోలుకునే కోలుగదిలో ఒక్కతే ఉంటోంది. ఎత్తు మీద కాలు, దానికి చల్లదనమూ బిగువూ తనంతట తానే సర్దుకునే కట్టుతొడుగు, మాట్లాడటానికి శ్రుతి.

శ్రుతి యంత్రం, పైడిరాజు మనిషి. కనుక మాట్లాడే పని శ్రుతిది, వినే పని పైడిరాజుది. రోగి గొంతులో వణుకు వినిపిస్తే తెర మీద హెచ్చరిక గుర్తు పెట్టాలి, అంతే. ఒడ్డునున్న అతని గదికి ఎవరూ రారు. అతనికి ఎన్నో గొంతులు తెలుసు. అతని గొంతు మాత్రం ఎవరికీ తెలియదు. ఒక్కోసారి శ్రుతి పలకరింపుకు తనే జవాబు చెప్పి, తన మాటకు తనే ఉలిక్కిపడేవాడు.

"ఈ పూట కాలు ఎలా ఉంది?" అని శ్రుతి అడిగింది.

"ఏటి సెప్పమంటావు తల్లీ, తెల్లార్లూ తీపులు తీస్తానే ఉన్నాది," అంది అప్పలనర్సమ్మ.

తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. తీపు: రుచి, సుఖం. నొప్పి లేదు. రేపటి నుంచి మర ఎక్కే పని.

"సంతోషం. మీరు పూర్తిగా కోలుకున్నారు. రేపు పనిలో చేరండి."

గోరుచుట్టు మీద రోకటిపోటు పొడిచి, పైగా అభినందనలు! శ్రుతికి మాటలు నేర్పిన పెద్దమనుషులకు నాలుక తప్ప కాళ్లు లేవు కాబోలు.

"అలాగేలే. నువ్వు సెప్పినాక తప్పుతాదా," అందామె.

పైడిరాజు గబగబా గుర్తు పెట్టాడు. గొంతులో వణుకు లేదు, గుర్తు చెల్లదు అంది తెర. రేపు ఆమె ఎక్కుతుంది. ఆ పలచటి పోగులు పైన ఎక్కడో పుటుక్కుమంటాయి, కింద పట్టుకునే వాళ్లు ఉండరు.

అతని గొంతును గదుల్లోకి పంపే మాట మీట ఒకటుంది, ముద్ర వేసి ఉంటుంది. అది తీస్తే అన్ని కోలుగదుల్లోనూ శ్రుతి మూగబోతుంది, తీసినవాడి ఉద్యోగం పోతుంది. అతనికి భయం వేసింది. మనిషితో మాట్లాడి ఎన్నాళ్లయిందో తలచుకుంటే ఇంకా భయం వేసింది. అయినా ముద్ర చింపి మీట తీశాడు.

"అప్పా, రేపు ఎక్కీకు. తీపులంటే నొప్పని దానికి తెల్దు. నీ కాలు లోపల ఇంకా పచ్చిగానే ఉన్నాది."



"ఎవులు నాయినా? మనిసివేనా?"

"మనిసినే అప్పా."

ఆమె నవ్విందో ఏడ్చిందో, ఇన్నేళ్లు గొంతులే విన్నవాడికి తెలియలేదు. మీట మూయమంటూ తెర ఎర్రబారింది. ఆకుపచ్చ అక్షరాలన్నీ ఆరిపోయాయి. శ్రుతి ఆగిపోయిన గదుల నుంచి ఒకటొకటిగా గొంతులు వస్తున్నాయి, తెరిచిన మీటలోంచి ఆమెకూ వినిపిస్తున్నాయి. "ఎవులైనా ఉన్నారా?" "ఓలమ్మా, ఈ పెట్టి పలకదేటి?"

"నేను ఎక్కను గానీ, ముందు ఆలకి పలుకు నాయినా," అంది అప్పలనర్సమ్మ.

పైడిరాజు గొంతు సవరించుకున్నాడు.

"ఉన్నాను," అన్నాడు.