మాణిక్యమ్మ కోడలి వేసవి సెలవులు

వేసవి సెలవులిచ్చిన మర్నాడు తెల్లారేసరికల్లా మాణిక్యమ్మ వాకిలి చిమ్మించి, కాఫీ కలిపేసి, అరుగు మీద కూర్చుంది. కోడలు శివపార్వతి ఇంకా లేవలేదు. తిరువూరు హైస్కూల్లో టీచరుగా పనిచేసే ఆ కోడలు, బడి ఉన్న రోజుల్లో అందరికంటే ముందే లేచి వంట ముగించే మనిషి. ఒక్కరోజు ఆలస్యంగా లేస్తే కొంప మునిగిపోదు. కానీ ఆ మాట మాణిక్యమ్మకి చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది?

ఆవిడ ఉగాది వెళ్ళగానే కోడలి సెలవులన్నిటికీ పనులు పురమాయించి పెట్టుకుంది. తమకీ, కూతురికీ, ఇంకో చుట్టాలకీ కలిపి మూడిళ్ళకి సరిపడా ఆవకాయ పెట్టాలి. వడియాలు, అప్పడాలు సరేసరి. వినగడప నుంచి కూతురు హనుమాయమ్మ పిల్లల్ని తీసుకొస్తుంది, వాళ్ళకి లెక్కలు చెప్పాలి. కూతురికి మాట కూడా ఇచ్చేసింది.

"ఏరా, మీ ఆవిడకి ఒంట్లో బాగాలేదా?" అని కొడుకు వెంకటప్పయ్యని అడిగింది.

"బాగానే ఉందమ్మా. ఏడాదంతా అరిచి అరిచి గొంతు పోయింది. పడుకోనీ," అని అతను ఎరువుల కొట్టు తాళాలు తీసుకుని మెల్లిగా జారుకున్నాడు. గొడవ వాసన తగిలితే చాలు, కొట్టు గుర్తొస్తుంది ఆ మహానుభావుడికి.

పార్వతి లేచి, మొహం కడుక్కుని వచ్చి అత్తగారి పక్కనే కూర్చుంది. "అత్తయ్యా, ఈ వారం నేను కాస్త నిద్ర తీరా పడుకుంటానండి. ఆ తర్వాత రోజూ పొద్దునపూట నడిమింట్లో తలుపేసుకుని చదువుకుంటాను. మధ్యాహ్నం నుంచి మీరేం చెప్తే అది చేస్తాను."

"పరీక్షలు పిల్లలకా, నీకా?"

"ఈసారి పదో తరగతికి సైన్సు నన్నే చెప్పమన్నారండి. నేనెప్పుడూ చెప్పలేదు. ఇప్పటినుంచీ తయారు కాకపోతే కష్టం."

"బడి తెరిచేది జూన్లో కదా, చూద్దాంలే," అని మాణిక్యమ్మ ఆ మాటని చెవిన వేసుకోలేదు.

వారం తిరిగిన మర్నాడే రెడ్డిగూడెం తోట నుంచి బస్సు మీద గంపల్లో మామిడికాయలు దిగాయి. అనుకున్న దానికంటే ముందే వచ్చాయి. మాణిక్యమ్మ కేకేసింది. నడిమింటి తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ కేకేసింది. ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది.

"ఏమే పార్వతీ, గంపలు వాకిట్లో పడున్నాయి. నువ్వు లోపల తలుపేసుకుని కూర్చుంటే ఎట్లా? రెణ్ణెల్లు సెలవులిచ్చేది ఇల్లు చూసుకోడానికి కాదూ? వెంకటప్పయ్య కొట్టుకి సెలవుందా? నా పొయ్యికి సెలవుందా?"

పార్వతి బయటికొచ్చింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. గంపల వంక చూసి, "సరేనండి, కత్తిపీట తెస్తాను. ఇప్పుడే కోసి కలిపేద్దాం," అంది.

"ఇప్పుడా? మతి పోయిందా నీకు?" మాణిక్యమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఆవాలు ఎండలేదు, ఉప్పు దంచలేదు, జాడీలు కడిగి ఎండలో పెట్టలేదు. అన్నీ అమర్చుకోకుండా కాయ మీద కత్తి పెడతారా ఎవరైనా? ఏడాది పచ్చడి బూజు పట్టిపోదూ?"

"మరి నేను ఏటా జూన్లో బడికి అట్లాగే వెళ్తున్నానండి," అంది పార్వతి. గొంతు పెంచలేదు. "ముందు రోజు దాకా ఇంటి పని, మర్నాడు పిల్లల ముందు. నిరుడు ఒక పిల్ల సందేహం అడిగింది. నాకు తెలీదు. తెలీదని చెప్పే ఓపిక కూడా లేక, కూర్చోమని కసిరాను. ఆ పిల్ల ఏడాదంతా మళ్ళీ నోరు తెరవలేదు. ఈ వేసవి కూడా ఇట్లాగే పోతే, బడి తెరిచిననాడు రాజీనామా ఇచ్చేస్తానండి. పిల్లల్ని పాడుచేసే ఉద్యోగం నాకొద్దు."

రాజీనామా అన్న మాట వినగానే మాణిక్యమ్మకి బజారు గుర్తొచ్చింది. బజార్లో బట్టల కొట్టు ఖాజావలి తనని చూడగానే లేచి కుర్చీ వేసేది తన పట్టుచీరలు చూసి కాదు. టీచరమ్మ గారి అత్తగారని. ఆ గౌరవాన్ని ఇన్నాళ్ళూ ఒంటి నిండా కప్పుకు తిరిగింది గానీ, అది తెచ్చిపెట్టిన పిల్ల ఎట్లా నలిగిపోతోందో ఒక్కనాడూ అడగలేదు. కోపం రావలసిన చోట ఏడుపు వచ్చింది. కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఇంత ఉందని ముందే చెప్పొచ్చు కదే."

"చెప్పానండి."

"ఆఁ, చెప్పావులే. వినలేదు నేను." మాణిక్యమ్మ నడుం బిగించి లేచింది. ఆవిడ లేచిందంటే ఇక ఆగేది లేదు. కొట్టు నుంచి కొడుకుని పిలిపించింది. "ఒరే, మన ఇంటికి చాలినన్ని కాయలు ఉంచి మిగతావి ఎవరివి వాళ్ళకి పంపించెయ్. ఎవరి ఆవకాయ వాళ్ళే పెట్టుకుంటారు. మీ అక్కని రమ్మను. పిల్లల లెక్కల సంగతి మాత్రం ఎత్తొద్దని చెప్పు. వచ్చి నాకు చెయ్యి సాయం చేస్తుంది."

వెంకటప్పయ్య నోరు తెరిచి తల్లి వంక చూశాడు.

"చూపులు తర్వాత. ముందు గంపలెత్తు."

హనుమాయమ్మ వచ్చి రెండు రోజులు మూతి ముడుచుకుంది. తల్లి ఎదురుగా నిలబడి అడిగే ధైర్యం లేక, ఆ తర్వాత మానేసింది. పార్వతి కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయింది. పొద్దునపూట చదివింది, రాసింది, కొట్టేసి మళ్ళీ రాసింది. నెల తిరిగేసరికి గొంతు తేరుకుంది. మొహంలో కళ వచ్చింది.

ఒక సాయంత్రం అత్తగారిని పీట మీద కూర్చోబెట్టి, "పాఠం ఒకసారి చెప్పి చూస్తాను, వినండి," అంది. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో, మట్టిలోంచి చెమ్మ బయటికొచ్చి ఆవిరైపోతూ వేడిని ఎట్లా పట్టుకుపోతుందో చెప్పింది. మాణిక్యమ్మ కళ్ళార్పకుండా వింది. ఇన్నాళ్ళూ తలుపు వెనక కోడలు చేస్తున్న పని ఇదా అని గర్వంతో కడుపు నిండిపోయింది.

"మరి పాత కుండలో అంత చల్లబడవేమే?" అని అడిగింది.

పార్వతి నిమిషం ఆలోచించి, హాయిగా నవ్వేసింది.

"నాకు తెలీదత్తయ్యా. తెలుసుకుని రేపు చెప్తాను."

మాణిక్యమ్మకి కళ్ళు చెమర్చాయి. ఆ చెమ్మ కనపడనీయకుండా పీట సర్దుకుని, "రేపు ఇదే వేళకి కూర్చుంటాను. ఎగ్గొట్టావంటే ఊరుకునేది లేదు," అంది.