కుడిచేతి వైపు గోడ

ఆ ఉదయం కాఠ్మాండూలోని ఝోఛెన్ గల్లీలోకి అడుగుపెట్టేసరికి కర్ణ తులాచన్ దగ్గరున్న పెట్టుబడి ఇది: కోటు లోపల ఒక పిస్తోలు, నడుముకి ఒక కుక్రీ కత్తి, అడగ్గానే ప్రాణమిచ్చే స్నేహితుడు ఒకడు. పెరుగు దుకాణం వెనక్కి తిరిగేసరికి మూడోది చేజారిపోయింది.

బేఖారత్న మహర్జన్ మట్టి పాత్రల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. మెడ చుట్టూ తీగ కోసిన గీత. పగిలిన పాత్రల్లోంచి కారిన పెరుగు ఎర్రబడింది. కర్ణ పక్కన కూర్చుని అతని దవడ విప్పాడు. పళ్ళ మధ్య ఎవరిదో బొటనవేలి కొన ఉంది, గోరుతో సహా.

"శభాష్ భాయీ," అన్నాడు కర్ణ మెల్లగా. "ఊరికే పోలేదు నువ్వు. బయానా పట్టుకునే పోయావు."

బేఖా తెల్లవారుజాము నుంచి ఇద్దరు విదేశీయుల వెంట ఉన్నాడు. వాళ్ళు ‘త్రిభుజం’ ముఠా మనుషులు. గూఢచారుల పేర్లు కొనడం, కొన్న పేర్లను చంపడం ఆ ముఠా వ్యాపారం. బేఖాని చంపాక వాళ్ళు పారిపోలేదు. తాపీగా పక్కనున్న పుస్తకాల దుకాణంలోకి వెళ్ళారు.

"ఏం కొన్నారు సాహూజీ?" అని కర్ణ దుకాణదారుని అడిగాడు.

"విదేశీయులంతా కొనేదే దాయీ." అతను ఎర్రట్ట పుస్తకం ఒకటి బల్ల మీద పడేశాడు. నేపాల్ కొండదారులకు గైడుబుక్కు. "ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి, ఎవరికి దణ్ణం పెట్టాలి, అన్నీ ఇందులోనే. కాళీగండకీ లోయ పేజీలు తిప్పి తిప్పి చూశారు. ఒకడి చేతికి రుమాలు చుట్టి ఉంది. నెత్తురు అంటించి, మళ్ళీ శుభ్రమైన కాపీ కావాలన్నాడు, పెద్దమనిషి! నువ్వు కొంటావా? మరక ఉంది, తగ్గిస్తాను."

"నేను పుట్టిందే ఆ లోయలో. మా ఊరికి దారి పుస్తకం చూసి వెళ్ళమంటావా?" అన్నాడు కర్ణ. రెండడుగులు వేసి ఆగాడు. తనకు అక్కర్లేదు. కానీ వాళ్ళకు అక్కర ఉంది. ఆ పుస్తకం ఎక్కడ తినమంటే వాళ్ళు అక్కడే తింటారు.

"ఇవ్వు," అన్నాడు వెనక్కి తిరిగి.

*

గూఢచారి విభాగం పెద్ద కర్నల్ కార్కీ తెరలు దించిన గదిలో బ్రీఫింగ్ ముగించడానికి సిగరెట్టు కాలేంత సేపు కూడా తీసుకోలేదు.

"తేక్ పున్ నీ స్నేహితుడే కదా?"

"ఒకే బెంచీ మీద చదువుకున్నాం హజూర్."

"ముఠా రేడియో నడిపాడు. ఇప్పుడు పారిపోయి వచ్చాడు. మన ఆఫీసులో పేర్లు అమ్ముతున్నది ఎవరో వాడికి తెలుసు. మీ లోయలోనే లుబ్రా ఊరివాళ్ళు దాచిపెట్టారు. నీ ముఖం చూసి, నీ గొంతు వింటే తప్ప బయటికి రానన్నాడు. ఆ పేరు నీకు తప్ప ఎవరికీ చెప్పడట. వాణ్ణి ప్రాణాలతో తీసుకురా. వాడు చస్తే, అమ్మేవాడు అమ్ముతూనే ఉంటాడు. ఈసారి నీ పేరే కావచ్చు."

కర్ణ ఎర్ర పుస్తకం బల్ల మీద పెట్టాడు. "ఇందులో, గాలి వల్ల జోమ్‌సోమ్ విమానాన్ని నమ్మవద్దు, పోఖరా నుంచి నడవండి అని రాసి ఉంది. వాళ్ళు నడుస్తారు. నేను ఎగిరి వెళ్ళి ముందు నిలబడతాను. దారిలో మార్ఫా ఊళ్ళో ఒకే ఒక్క సత్రాన్ని మెచ్చుకున్నారు. అది మా మేనత్తది."

కర్నల్ నవ్వాడు. "ల్హామోని వెంట తీసుకెళ్ళు. లుబ్రా పిల్ల. ఊరివాళ్ళు నీకు తలుపు తీయకపోయినా దానికి తీస్తారు."

ల్హామో అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది. మొన్నమొన్నటి దాకా ఎయిర్ హోస్టెస్. నల్ల కళ్ళద్దాలు, పెదవులకు ముదురు రంగు, ఒంటికి అతికినట్టున్న పట్టు బక్కు, కొండ ఆడవాళ్ళ పొడుగాటి అంగీ. ఆఫీసు గుమస్తాలు ఆమె దాటిపోయాక రెండు కూడికలు తప్పు వేస్తారని పేరు.

పుస్తకం చెప్పినట్టే, గాలి వల్ల విమానం వారం పైగా లేవలేదు. చివరికి లేచిన విమానంలో ఆమె కర్ణ ఒళ్ళోంచి పుస్తకం లాక్కుని పైకి చదివి నవ్వింది. "చూశావా దాయీ, మీ అత్త గురించి ఏం రాశారో! 'పడకలు శుభ్రం, యజమానురాలు మాత్రం కఠినం' అట."

"తక్కువే రాశారు," అన్నాడు కర్ణ.

*

మార్ఫాలో అత్త ఇంద్రకుమారి చేతిలో గరిటెతోనే ఎదురొచ్చింది.

"ఇన్నేళ్ళకు గుర్తొచ్చానా? ఈ సినిమాతార ఎవర్రా? పెళ్ళి చేసుకున్నావా, చెప్పకుండా?"

"ఆఫీసు పని అత్తా. పైన ఎవరైనా ఉన్నారా?"

"ఒకడున్నాడు. ఇద్దరొచ్చారు, ఒకడు పొద్దున్నే లోయ ఎగువకు వెళ్ళిపోయాడు, మెడలో ఏనుగు తొండమంత కెమెరా వేలాడేసుకుని. ఇంకొకడు చేతికి చీము పట్టిందని ఆగిపోయాడు. ఎండలో చేతి తొడుగేమిట్రా వాడికి? ఎడమచేత్తో తింటున్నాడు, అసహ్యం."

కర్ణ ఆపిల్ బ్రాందీ గ్లాసు ఒకటి పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. డాబా మీద ఆపిల్ ముక్కలు ఎండకు ఆరబోసి ఉన్నాయి. వాటి మధ్య చాప మీద పొడవాటి తెల్లవాడు ఒకడు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పక్కన నడిచే కర్ర.

"బొటనవేలు ఎక్కడ పోగొట్టుకున్నావు?" అని కర్ణ ఇంగ్లీషులో అడిగాడు. "నా స్నేహితుడి దగ్గర ఉండిపోయింది. తిరిగి ఇద్దామని వచ్చాను."

కర్ర రెండుగా విడిపోయి లోపలి నుంచి సన్నటి కత్తి బయటికి వచ్చింది. కర్ణ బ్రాందీ వాడి కళ్ళలో కొట్టాడు. కత్తి గురి తప్పి కర్ణ ఎడమ ముంజేతిని మోచేతి దాకా చీల్చింది. ఇద్దరూ పట్టుకుని ఆపిల్ ముక్కల మీద దొర్లారు. తెల్లవాడు నుదుటితో కర్ణ ముక్కు పగలగొట్టాడు. కర్ణ వాడి కుళ్ళిన బొటనవేలిని తొడుగుతో సహా పిడికిట్లో పట్టి పిండాడు. వాడు చేసిన చప్పుడుకి కింద కంచరగాడిదలు కట్లు తెంచుకున్నాయి. మరుక్షణం కుక్రీ అంచు వాడి కంఠం మీద ఉంది.

"పేరు చెప్పు. ఎవరు అమ్ముతున్నారు?"

"చెబుతాను," అన్నాడు వాడు ఎగశ్వాసతో. "చెబుతాను... ఆఫీసులో..."

నిచ్చెన వైపు నుంచి సైలెన్సర్ దగ్గింది. తెల్లవాడి నుదుటి మధ్య రంధ్రం పడింది.

ల్హామో డాబా అంచున నిలబడి ఉంది. "నీ గొంతు మీద కత్తి ఉందనుకున్నాను దాయీ."

"నా గొంతు మీద కాదు, వాడి గొంతు మీద! మాట్లాడబోతున్నాడు."

"కింద నుంచి తేడా తెలియలేదు."

కర్ణ ముఖం తుడుచుకున్నాడు. చచ్చినవాడు ఏ ధరా చెప్పడు. ఖరీదైన పొరపాటు అనుకున్నాడు, అంతకు మించి అనుకోలేదు.

అత్త పైకి వచ్చి, శవాన్ని చూసి, తరువాత ఆపిల్ ముక్కల్ని చూసి గుండె బాదుకుంది. "చంపేవాడివి కిందికి దించి చంపకూడదట్రా!" అంటూనే సూది దారం తెచ్చి కర్ణ చేతికి కుట్లు వేసింది. గాయం మీద బ్రాందీ పోసేటప్పుడు కాస్త ఎక్కువే పోసింది.

*

లుబ్రా ప్రధాన దారికి ఎడంగా, వాగు వెంట లోపలికి నడిస్తే తప్ప కనబడదు. ఎర్ర పుస్తకంలో దాని పేరే లేదు. మర్నాడు ఇంకా గాలి లేవకముందే ఇద్దరూ ఊరి మొదటికి చేరారు.

దారి మధ్యలో మనిషి ఎత్తున ప్రార్థన గోడ, మంత్రాలు చెక్కిన పలకలు పేర్చినది. దారి దానికి రెండు వైపులా చీలి అవతల కలుస్తుంది. ముందు నడుస్తున్న ల్హామో గోడను కుడిచేతి వైపు ఉంచుకుని, భక్తిగా తల వంచి, ఎడమ పాయలోకి తిరిగింది.

ఎదురుగా తట్ట మోస్తున్న ముసలామె ఆమెను దాదాపు గుద్దుకుని ఆగింది. "ఎవరి పిల్లవమ్మా, దేవుడికి ఎదురు నడుస్తున్నావు? అడ్డు లే!"

ల్హామో చిరునవ్వు నవ్వింది. ఎందుకు తిట్టిందో ఆమెకు అర్థం కాలేదు.

కర్ణకు అర్థమయింది. నేపాల్ కొండల్లో ఎక్కడైనా గోడ కుడిచేతి వైపే ఉండాలి, బౌద్ధుల పద్ధతి అది. కానీ లుబ్రా, బౌద్ధం కంటే పాతదైన బోన్ మతం వాళ్ళ ఊరు. ఇక్కడ ప్రదక్షిణ అపసవ్యంగా చేస్తారు. గోడ ఎడమచేతి వైపు ఉండాలి. ఈ ఊళ్ళో పుట్టిన పిల్ల నిద్రలో కూడా అటు నడవదు.

"ల్హామో, మీ ఇల్లు ఎటు?"

"గోంపా వెనక."

"మీ అమ్మ నీకు నడక నేర్పలేదా?"

ఆమె వెనక్కి తిరిగింది. పిస్తోలు అప్పటికే చేతిలో ఉంది. నల్ల అద్దాల్లో కర్ణకు తన పగిలిన ముక్కు కనిపించింది.

"ఏం తప్పు చేశాను?" అంది నిజమైన కుతూహలంతో. "పుస్తకంలో ఉన్నట్టే చేశానే."

"అచ్చం ఉన్నట్టే చేశావు, అదే తప్పు."

"సరేలే. తేక్‌ని పిలువు. గట్టిగా."

"పిలవకపోతే?"

"మోకాలితో మొదలుపెడతాను."

పిలవక్కర్లేకపోయింది. గోంపా మఠం తలుపు తెరుచుకుంది. గడ్డం పెరిగిన మనిషి ఒకడు రెండు చేతులూ చాపి మెట్లు దిగుతున్నాడు. "కర్ణా! వచ్చావురా!"

ల్హామో ఎడమచేత్తో మేకప్ అద్దం ఎత్తింది. ఎండ అందులో తళుక్కుమంది. వాగు అవతలి గట్టు మీద పొడవాటి కెమెరా లెన్సు ఒకటి మెట్ల వైపు తిరిగింది.

కర్ణ చేయి గోడ మీది పలక కోసం వెళ్ళింది. చివరి క్షణంలో వెనక్కి తీసుకున్నాడు. దేవుడి రాయితో కొడితే ఆ పాపం ఏడు తరాలకూ తీరదు. కోటు లోపలి పిస్తోలు తీసే వ్యవధి లేదు. కుక్రీ దూసి కిందనుంచి పైకి కొట్టాడు. ఆమె మణికట్టు సగం తెగి వేలాడింది. పిస్తోలు ఆకాశంలోకి పేలింది.

"తేక్! పడు!"

తేక్ పడిన క్షణానికే లెన్సులో దాచిన తుపాకీ పేలింది. గుండెకు రావలసిన తూటా అతని చెవి కొన ఎగరగొట్టి వెనక గడపలో దిగింది. తేక్ కదలకుండా పడి ఉన్నాడు.

ల్హామో తెగిన చేతిని పట్టుకుని వాగులోకి పరుగెత్తింది, అవతలి వాడికి అరిచి చెబుతూ. గట్టు మీది లెన్సు ఆమె వైపు తిరిగింది. పని అయ్యాక ఆ ముఠా మిగులు సరుకు ఉంచుకోదు. తూటా ఛాతీలో తగిలి ఆమె రాళ్ళ మీద ముఖం మోదుకుంటూ పడింది. నల్ల అద్దాలు నీళ్ళలో కొట్టుకుపోయాయి.

కర్ణ గోడ చాటుకు పాక్కుంటూ వెళ్ళాడు. కెమెరావాడు శవాల్ని లెక్క చూసుకోవడానికి తప్పక వస్తాడు. ఏ పక్కనుంచి వస్తాడన్నదే ప్రశ్న. ఇళ్ళ కప్పుల మీద జనం గుమిగూడుతున్నారు. వాడు ఇంకా యాత్రికుడి వేషంలోనే ఉన్నాడు. అందరూ చూస్తుండగా మర్యాద తెలిసిన యాత్రికుడు ఏం చేస్తాడు? పుస్తకం చెప్పింది చేస్తాడు.

కర్ణ ఎడమ పాయలో కూర్చున్నాడు.

బూట్ల చప్పుడు దగ్గరపడింది. తల కొద్దిగా వంచి, కెమెరా గుండెల మీద పెట్టుకుని, గోడను కుడిచేతి వైపు ఉంచుకుని వచ్చాడు వాడు. కుక్రీ మొదట మోకాలి వెనక నరం తెంచింది. వాడు కూలబడుతూ కర్ణ చేతి కుట్లలోకి వేళ్ళు దూర్చి చీల్చాడు. కర్ణ అరుస్తూనే రెండో దెబ్బ మెడ మీద వేశాడు. మూడోది అక్కర్లేకపోయినా వేశాడు. అది బేఖా తరఫున.

*

గోంపా వంటింట్లో తేక్ చెవికి గుడ్డ కట్టుకుని ఉప్పు వేసిన వెన్న టీ తాగుతున్నాడు.

"పేరు చెప్పనా?"

"ఆగు," అన్నాడు కర్ణ. "ఆమె లుబ్రా పిల్ల అని నాకు చెప్పినవాడు ఒక్కడే. సిగరెట్టు కాలుతుండగా చెప్పాడు."

"కార్కీ," అన్నాడు తేక్. "అయితే ఇంత దూరం ఎందుకొచ్చావురా, తెలిసినవాడివి?"

"గోడ దగ్గరే తెలిసింది. ఇక సాక్ష్యానికి నువ్వు కావాలి. తాగు, పొద్దుటి విమానం గాలికి ముందే లేస్తుంది."

విమానం జోమ్‌సోమ్ నేల వదిలాక కర్ణ కళ్ళు మూసుకుని లెక్క చూసుకున్నాడు. పోయినవి: బేఖారత్న, ఎడమచేతిలో రెండు వేళ్ళ స్పర్శ, అత్త ఇంట ఏడాదికి సరిపడా మంచిమాట. మిగిలినవి: పక్క సీట్లో నోరు తెరిచి నిద్రపోతున్న తేక్ ప్రాణం, ఒక పేరు, పెద్దగా వాడని కెమెరా ఒకటి. దాంట్లో ఇంకో తూటా ఉంది. కాఠ్మాండూలో దిగగానే కర్నల్ గారికి ఒక ఫోటో తీయాలి.