సలాదిన్ గుర్రాలకు డెట్టాల్ స్నానం

"వదలండి," అంది ఆ అమ్మాయి.

"ముందు పట్టుకున్నది నేను," అన్నాడు డంకన్.

"ముందు చూసింది నేను!"

"చూసినంత మాత్రాన సొంతమైపోతే ఈ హాల్లో సగం నాదే."

ఇద్దరి చేతుల్లో ఒక పాత బిస్కెట్ల డబ్బా. అందులో సలాదిన్ సేన. గుర్రాల మీంచి బాణాలు వేసే తురుష్క విలుకాళ్ళు, ఒక్కొక్కడూ బొటనవేలంత, లోహంతో పోతపోసి రంగులద్దిన బొమ్మలు.

ఆ ఆదివారం ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో బొమ్మల యుద్ధాల వాళ్ళకి జాతర. బల్లల మీద బుల్లి సైన్యాలను మోహరించి, పాచికలు వేసి, ఎప్పుడో ముగిసిపోయిన యుద్ధాల్ని మళ్ళీ గెలవాలని చూసే మనుషులు వాళ్ళు. సగం మందికి మనవలున్నారు, అయినా పంతం తగ్గదు. ఓ మూల బల్ల మీద ఎవరి పాత బొమ్మలు వాళ్ళు అమ్మకానికి పెట్టుకుంటారు. గొడవ అక్కడే.

డంకన్ డబ్బు కట్టేశాడు. డబ్బా అతనిదైంది. గెలిచాక కూడా ఎందుకో సంతోషం కలగలేదు, ఆ అమ్మాయి కళ్ళు ఎర్రబడ్డాయి మరి.

"ఇవన్నీ మీకెందుకండీ?" అన్నాడు.

"ఊరికే."

"మంగళవారం సాయంత్రం మా క్లబ్బుకి రండి. బీస్టన్ చర్చి హాల్లో. పంచుకుందాం."

ఆమె అతని రెండో చేతిలోని సంచీలోకి తొంగిచూసింది. "ఈ వీరులంతా ఏ యుద్ధానికి?"

"అర్సూఫ్ యుద్ధం, 1191. మా రిచర్డ్ రాజుకీ సలాదిన్‌కీ."

"నెత్తిన బకెట్లు బోర్లించుకునా? ఈ శిరస్త్రాణాలు రావడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పడుతుంది. పాపం, మీవాళ్ళు మనవల టోపీలు పెట్టుకుని యుద్ధానికి బయల్దేరారు."

డంకన్ ప్రేమలో పడింది సరిగ్గా అక్కడే. వేరేవాళ్ళయితే నవ్వు చూసి పడతారు, నడక చూసి పడతారు. ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం.

ఆమె పేరు హేజల్. మంగళవారం వాన కురుస్తుంటే గొడుగు లేకుండా వచ్చింది. ఆ తర్వాతి మంగళవారాలూ వచ్చింది. డబ్బా సంగతి అడిగేది, అతను "ఇస్తాగా, ముందు నా వీరుల్ని ఎంచిపెట్టు" అనేవాడు. ఇచ్చేస్తే ఇక రాదేమోనని అతని భయం.

"వీడొద్దు," అనేది హేజల్, పొట్లాలు తిరగేస్తూ. "వీడి గుర్రానికి పెళ్ళిబట్టలు కట్టారు. అంత సోకు అప్పటికింకా రాలేదు."

"వీడో?"

"వీడి మొహం చూడు, పన్ను కట్టడానికి క్యూలో నిలబడ్డట్టున్నాడు. నీకు చూడ్డం రాదు డంకన్."

"నిన్ను చూశాగా."

"ఆ డబ్బా నా చేతికివ్వు, అప్పుడొప్పుకుంటాను," అంది. కానీ చెవులు ఎర్రగా కందిపోయాయి.

ఆ రాత్రే డంకన్‌కి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. సగం ఎందుకు, మొత్తం ఇచ్చేద్దాం. ఈ పాత ముద్దరంగులతో కాదు, కొత్త పెళ్ళికొడుకుల్లా ముస్తాబు చేసి ఇద్దాం. ఈ విద్యలో పాత రంగు వదలాలంటే అందరూ చేసే పనే అతనూ చేశాడు. విలుకాళ్ళందర్నీ బకెట్‌లో వేసి డెట్టాల్ పోశాడు. మర్నాడు పళ్ళ బ్రష్‌తో రుద్దాడు. ఇల్లంతా ఆసుపత్రి వాసన. బొమ్మలు మాత్రం తళతళలాడాయి.

తర్వాతి మంగళవారం డబ్బా ఆమె ముందు పెట్టి మూత తీశాడు. "మొత్తం నీవే. ఏ రంగు కావాలో చెప్పు."

హేజల్ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏం చేశావ్?"

"రంగు వదల..."

"అది మా నాన్న వేసిన రంగు డంకన్. ఆయన చేతులు వణుకుతున్నాయి, బ్రష్ పట్టుకోలేడు. ఇంక ఎందుకని ఆ ఆదివారం నాకు చెప్పకుండా ఎవరిచేతో అమ్మకానికి పెట్టించాడు. ఎవరికీ చెప్పకు, జాలిపడతారన్నాడు. ఆయన చేత్తో వేసింది ఇదొక్కటే మిగిలింది."

కోటు కూడా తొడుక్కోకుండా వానలోకి వెళ్ళిపోయింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఏమిటో డంకన్‌కి తెలిసొచ్చింది. పోయిన రంగుని ఏ దేవుడూ తిరిగివ్వడు. మరేం చేయాలో తోచక, శనివారం డబ్బా, ఆమె కోటు పట్టుకుని వాళ్ళ ఇంటి తలుపు తట్టాడు.

తీసింది తండ్రి క్లిఫర్డ్. మనిషి ఎండుకట్టె, చూపు మాత్రం చురుకు.

"సర్, నేనే ఆ వెధవని," అన్నాడు డంకన్.

"తెలుస్తూనే ఉంది, డెట్టాల్ వాసన. లోపలికి రా."

హేజల్ వంటింటి గుమ్మంలో నిలబడింది. క్లిఫర్డ్ వణికే చేత్తో ఒక విలుకాణ్ణి తీసి కిటికీ వెలుగులో తిప్పాడు.

"ఒరే, వీడికి మీసం ఉందిరా!" అన్నాడు ముసలాయన.

"సర్?"

"ఎంచి ఎంచి కొన్నాను వీళ్ళని, మొహాలు బాగున్నాయని. తర్వాత ఏడాదికో పూత వేసి నేనే కప్పెట్టేశాను. హేజల్, చూడమ్మా, వీడు నవ్వుతున్నాడు! వీడు మీ మావయ్యలా లేడూ?" ఒకడి తర్వాత ఒకణ్ణి తీస్తూనే ఉన్నాడు. "వీడికి పసుపు తలపాగా. వీడికి నీలం. ఆ అల్మరాలో నా రంగులపెట్టె ఉంది, తే. ఎండిపోతే నీళ్ళు కలుపుదాం."

"మీరు చెప్పండి, నేను వేస్తాను," అన్నాడు డంకన్.

"నువ్వా? రంగు వేయడం సంగతేమో గానీ కడగడం బాగా వచ్చు నీకు. కూర్చో."

రంగులపెట్టె కోసం హేజల్ వెనకే డంకన్ కూడా వెళ్ళాడు. అల్మరా ముందు నిలబడి ఆమె ఏడుస్తోంది.

"నన్ను క్షమించకపోయినా ఫర్లేదు," అన్నాడు. "రోజూ వచ్చి ఆయన చెప్పినట్టు వేసిపెడతాను. నువ్వంటే నాకు ప్రాణం హేజల్. డబ్బా ఇవ్వకుండా తిప్పింది కూడా అందుకే."

"ఆయన గొంతు అలా విని ఏడాదయింది," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "చచ్చేంత కోపంగా ఉంది నీ మీద. నువ్వు రోజూ రాకపోతే ఇంకా వస్తుంది."

చెయ్యి చాపింది. అతను పట్టుకున్నాడు.

"హేజల్!" ముందుగదిలోంచి కేక. "అతన్ని ముద్దుపెట్టుకోవడం అయిపోతే రంగులు పట్రా. అబ్బాయ్, మంగళవారం మీ క్లబ్బు ఎన్నింటికి? సలాదిన్ తరఫున నేనాడతాను."