అమ్మ చేసిన ఫోన్

ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపే తల్లి కూతురి చొక్కా బల్లమీద పరిచి, కాలర్ మీద నీళ్లు చిలకరించింది. స్టవ్ మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. బాత్‌రూమ్‌లో నీళ్ల చప్పుడు ఆగిపోయి కాసేపైంది. జారి పడలేదు కదా అని ఆమె బాత్‌రూమ్ తలుపు దాకా వెళ్లింది. వాకర్ చక్రాల కిరకిర వినిపించాక గానీ వెనక్కి తిరగలేదు.

"అమ్మా, ఇవాళ చా..." అంది పండు, గుమ్మంలో నిలబడి.

"చాల్లే ఇస్త్రీ అంటావు, అంతేగా? ఆఫీసుకెళ్లే పిల్లవి. నలిగిన చొక్కాతో వెళ్తే ముందు నన్నంటారు."

పండు నోరు మూసుకుంది. ఆమె అడగబోయింది చారల చొక్కా. మళ్లీ మొదలుపెట్టి, ఆ 'చా' దాటి మిగతా మాట బయటికి లాగేలోపు పాలు పొంగుతాయి, అమ్మ వంటింట్లోకి పరుగెడుతుంది. ఎందుకొచ్చిన గొడవలే అనుకుని, అమ్మ ఇస్త్రీ చేసిన నీలం చొక్కాకే చేతులు చాపింది.

పుట్టినప్పుడు ఊపిరి అందక పండుకి కాళ్లూ చేతులూ బిగుసుకుపోయాయి. నాలుక కూడా అంతే. మాట మనసులో గబగబా తయారైనా, పెదవుల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడో చిక్కుకుంటుంది. తల్లి చిన్నపిల్లల బడిలో టీచర్‌గా ఉండేది. కూతురికి అక్షరాలు నేర్పడం కోసం ఆ ఉద్యోగం మానేసింది. షాపులో, ఆసుపత్రిలో, బడిలో అందరూ పండుని ప్రశ్న అడిగి, జవాబు కోసం తల్లి ముఖం చూసేవారు. తల్లి చెప్పేది. ఏళ్లు గడిచి పండు ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ చదువులో చేరినా ఆ అలవాటు పోలేదు.

ఈ సెలవుల్లో, వైకల్యం ఉన్న విద్యార్థుల కోసం ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన ఇంటర్న్‌షిప్‌కి కాలేజీ నుంచి పండు ఎంపికైంది. ఆ రోజు ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంతోషించింది తల్లే. ఆ రోజు నుంచీ సరిగ్గా నిద్రపోనిది కూడా ఆవిడే.

"మీ ఆఫీసులో నాకూ ఓ ఉద్యోగం చూడు తల్లీ," అన్నాడు తండ్రి, టీ గ్లాసు పట్టుకుని. ఆయనది కళ్లద్దాల షాపు. "మీ అమ్మకి సమాధానాలు చెప్పే ఉద్యోగం మానేసి వచ్చేస్తాను."

పండు నవ్వింది. తల్లి నవ్వలేదు. నవ్వే స్థితిలో లేదు. నిన్న మధ్యాహ్నం తను చేసిన పని ఇద్దరికీ చెప్పలేదు.

పోయిన వారం ఆఫీసు క్యాంటీన్‌లో తడి నేలమీద జారి పండు మోచేయి కమిలింది. మందు రాస్తుంటే, ఇంటర్న్‌లందరూ తాము చేసిన పనిని పెద్దవాళ్ల ముందు నిలబడి చూపించాలని, దాన్ని డెమో అంటారని, తన వంతూ ఉందని మెరిసే కళ్లతో చెప్పింది. తల్లి మాత్రం మందు రాయడం ఆపేసింది. ఎప్పుడో బడిలో, వార్షికోత్సవం రోజున, స్టేజీ ఎక్కి పద్యం చదవబోయిన పండు మొదటి పాదంలోనే ఆగిపోయింది. ముందు వరుసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. తల్లి పరుగున వెళ్లి కూతుర్ని చంకనేసుకుని కిందికి దింపేసింది. ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

అందుకే టీమ్ మేనేజర్‌కి ఫోన్ చేసింది. "మేడమ్, మా అమ్మాయి పైకి చెప్పుకోదు గానీ లోపల భయపడిపోతోంది. అందరి ముందూ దాన్ని మాట్లాడించకండి. ఆ చెప్పేదేదో ఇంకెవరి చేతనైనా చెప్పించండి. నేను ఫోన్ చేశానని మాత్రం దానికి తెలియనివ్వకండి."

"అయ్యో, అలాగేనమ్మా," అంది అవతలి గొంతు, జాలిగా. "ఇబ్బంది అయితే బలవంతం ఎందుకు చేస్తాం?"

ఫోన్ పెట్టేశాక ప్రాణం తేలికపడుతుందనుకుంది. పడలేదు. ఇవాళ కూడా బస్సులో కూతురి పక్కన కూర్చుని ఆఫీసు దాకా వెళ్లింది. ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్‌తో, "బాబూ, లోపల నేల తుడిచారేమో కాస్త చూడండి," అని చెప్పి, పండు అద్దాల తలుపు దాటేదాకా నిలబడి వెనక్కి తిరిగింది.

సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే పండు ముఖం అదోలా ఉంది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"ఎవరైనా ఏమన్నా అన్నారా?"

తల అడ్డంగా ఊపింది.

"మళ్లీ పడ్డావా? చెయ్యి చూపించు."

చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఇంటికొచ్చి భోజనాలకు కూర్చున్నాక కూడా పండు కంచం ముట్టలేదు. తల్లి ముద్ద కలిపి నోటి దగ్గరికి తీసుకెళ్తే ముఖం తిప్పేసింది. తండ్రి తినడం ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ను...వ్వు," అంది పండు.

"నేనేం చేశాను?"

"ఫో...న్."

తల్లి చేతిలో ముద్ద కంచంలోకి జారిపోయింది.

"ఏ ఫోన్?" అన్నాడు తండ్రి.

పండు చెప్పడం మొదలుపెట్టింది. రేపు డెమోలో తన పనిని ఇంకో అబ్బాయి చెబుతాడట. తనకు భయమని తానే అన్నట్టు మేనేజర్ చాలా మెత్తగా మాట్లాడిందట. పక్క సీటు వాళ్లు కూడా, 'పర్వాలేదు, ఫీలవకు' అని భుజం తట్టారట. ఒక్కో మాట గొంతులోంచి పెనుగులాడుతూ వస్తోంది. మధ్యలో తల్లి, "అది కాదే, ఆవిడ అన్నది..." అంటూ అందుకోబోయింది.

"ఆగవే," అన్నాడు తండ్రి. గొంతు పెంచలేదు గానీ, ఆమె ఉలిక్కిపడింది. "దాన్ని చెప్పనీ."

"నీ... పేరు ఆవిడ చెప్ప...లేదు," అంది పండు. "చెప్పక్కర్లేదు. నా... తరఫున మాట్లాడేది ఇంకె...వరున్నారు?"

"నీ మంచి కోసమే కదే చేశాను!" అంది తల్లి. "అంతమంది ముందు నువ్వు మాటకోసం తంటాలు పడుతుంటే, వాళ్లు నవ్వితే? నువ్వు తట్టుకున్నా నేను తట్టుకోలేనే! ఆ రోజు స్టేజీ మీద వాళ్లు నవ్వడం నేను కళ్లారా చూశాను."

పండు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ ఏడవలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ఆ రోజు... వాళ్లు నన్ను దింప...లేదమ్మా. నువ్వు దింపావు. నాకు పద్యం... మొత్తం వచ్చు. కాస్త ఆగి ఉంటే... చదివేదాన్ని."

పండు మెల్లగా లేచి, వాకర్ తోసుకుంటూ తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ ఇంట్లో ఆ తలుపు ఎప్పుడూ వేసి ఉండదు.

"అదేంటండీ అలా అంటుంది?" అంది తల్లి, మూసిన తలుపు వైపు చూస్తూ. "నా బతుకంతా దానికోసమే పెట్టాను కదా."

"పెట్టావు. కాదన్నదెవరు?" అన్నాడాయన, చల్లారిన అన్నం కెలుకుతూ. "కానీ నిన్ను ఎవరైనా మాట్లాడనివ్వకపోతే నువ్వు ఊరుకుంటావా? నేను ఒక్క మాటకి అడ్డొస్తేనే పూట తిండి మానేస్తావే!"

ఆమెకి ఏడుపొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తెల్లవారి లేచేసరికి పండు గది తలుపు తీసే ఉంది. మంచం ఖాళీ. నీలం చొక్కా కొక్కేనికి వేలాడుతోంది. వాకర్ లేదు.

"ఏమండీ! పండు ఏదీ?"

"వెళ్లింది. బస్సెక్కించి వచ్చాను," అన్నాడు తండ్రి, పేపర్ మడుస్తూ.

"ఒక్కదాన్నా? మతి ఉండే పంపించారా? దిగేచోట మెట్టు ఎంత ఎత్తో తెలుసా మీకు? ఎవరు పట్టుకుంటారు?"

"అడుగుతుంది. దానికి నోరుంది."

ఆమె ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. బయట చినుకులు మొదలయ్యాయి. తడి రోడ్డు, జారే మెట్టు, తొందరలో తోసుకునే జనం, అన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్లముందు తిరిగాయి. ఇక ఉండబట్టలేక జుట్టు చేత్తోనే సర్దుకుని, గొడుగు కూడా మర్చిపోయి బయల్దేరింది. దారి పొడవునా ఒకటే అనుకుంది: పిల్ల క్షేమంగా కనిపిస్తే చాలు, ఆ మేనేజర్ ముందు నిలబడి, భయం మా అమ్మాయిది కాదు మేడమ్, నాది అని చెప్పేస్తాను.

రిసెప్షన్‌లో అడుగుపెట్టేసరికి చీర మోకాళ్లదాకా తడిసింది. నోరు తెరిచేలోపే లోపలినుంచి ఒకావిడ ఎదురొచ్చింది. గొంతు వినగానే ఫోన్‌లో మాట్లాడిన మేనేజరేనని తెలిసిపోయింది.

"మీరు వస్తారని మీ అమ్మాయి చెప్పిందండీ."

"వచ్చిందా? క్షేమంగా వచ్చిందా?"

"అందరికన్నా ముందు వచ్చింది. నేను భుజం మీంచి బ్యాగ్ దించకముందే నా టేబుల్ దగ్గర నిలబడి, 'ఆ భయం నాది కాదు, నా పని నేనే చెబుతాను' అంది." మేనేజర్ కాస్త తలవంచుకుంది. "నాదీ తప్పేనండీ. మీ మాట విన్నాను గానీ, ఒక్కసారి ఆ అమ్మాయిని అడగాలని తోచలేదు."

దారంతా తల్లి చెప్పాలనుకున్నది కూతురు ముందే చెప్పేసింది.

"ఇంకో మాట కూడా చెప్పింది," అంది మేనేజర్, నవ్వు ఆపుకుంటూ. "'మా అమ్మ వస్తే కుర్చీ వేసి, వేడివేడిగా టీ ఇవ్వండి. లోపలికి మాత్రం రానివ్వకండి' అని."

తల్లికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కుర్చీలో కూలబడింది. చేతికి టీ కప్పు వచ్చింది గానీ తాగలేదు.

మీటింగ్ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఎవరెవరో మాట్లాడారు, చప్పట్లు కొట్టారు. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వాకర్ చక్రాల చప్పుడు.

"నే...ను," అని వినిపించింది. "ఫోన్‌లో... డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇచ్చే ప్రో...గ్రామ్ మీద పని చేశాను. మనిషి చెప్పేది విని... అదే జవాబు చెబుతుంది."

అక్కడ ఆగింది. తర్వాతి మాట రావడం లేదు. తల్లి లేచి నిలబడింది. ఆ మాటేమిటో ఆమెకి తెలియదు. ఇన్నేళ్లలో మొదటిసారి, కూతురు ఏం చెప్పబోతోందో ఆమెకి తెలియలేదు. తలుపు దాకా నాలుగడుగులు కూడా లేవు. ఎవరైనా దగ్గుతారేమో, ఎవరైనా 'పర్వాలేదు, కూర్చో' అంటారేమో అని చెవులు రిక్కించింది. ఎవరూ ఏమీ అనలేదు. కుర్చీ కదిలిన చప్పుడైనా లేదు.

"నేనే... దానికి ఫోన్ చేశాను," అని మళ్లీ మొదలైంది గొంతు. "'నాకు పన్ను...' అన్నాను. 'నొప్పి' అనేలోపే అది... అందుకుని, 'ఇది ఆసుపత్రి అండీ, పన్ను కట్టడానికి... మునిసిపల్ ఆఫీసుకు వెళ్లండి' అంది."

గది మొత్తం ఘొల్లుమంది.

తల్లి చేతిలో టీ ఒలికింది. నవ్వారు. ఆమె భయపడ్డట్టే నవ్వారు. ముందుకు ఒక అడుగు వేసేసింది. అప్పుడు ఆ నవ్వుల్లో ఒక నవ్వు గుర్తుపట్టింది. కాస్త ఆయాసంతో, మధ్యలో తెగుతూ వచ్చే నవ్వు. పండుది. అందర్నీ నవ్వించి తనూ నవ్వుతోంది.

వేసిన అడుగు అక్కడే నిలిచిపోయింది.

"మాట ఆగిందంటే... అయిపోయిందని అది అనుకుంటోంది," అంటోంది పండు. "ముసలివాళ్లు ఫోన్ చేస్తారు. ఆయాసంతో, ఏడుస్తూ చేస్తారు. వాళ్లు ఆగుతారు. అయి...పోయి కాదు. అందుకే అది ఆగి వినేలా... మార్చాను. ఇప్పుడు చూడండి."

మిగతాది తల్లికి సగమే వినబడింది. గోడకి ఆనుకుని, ఒలికిన టీ చీరమీద వెచ్చగా పాకుతుంటే తుడుచుకోకుండా నిలబడింది. చారల చొక్కా గురించి ఆమెకి తెలియదు. కానీ ఇన్నేళ్లుగా తను మధ్యలో అందుకున్న మాటల్లో తను అనుకున్నవి ఎన్ని, పిల్ల చెప్పాలనుకున్నవి ఎన్ని అన్న ఆలోచన ఇప్పుడొచ్చింది.

చప్పట్లు చాలాసేపు వినిపించాయి. జనం బయటికి వచ్చారు. చివర్న పండు వచ్చింది, ఇద్దరు తోటి ఇంటర్న్‌లతో ఏదో వాదిస్తూ. తల్లిని చూసి ఆగింది. తడిసిన చీర, చెదిరిన జుట్టు, చేతిలో ఖాళీ కప్పు.

తల్లి నోటిదాకా ఎన్నో వచ్చాయి. బస్సులో సీటు దొరికిందా, ఏమైనా తిన్నావా, చెయ్యి నొప్పిగా ఉందా. ఏదీ అడగలేదు. ఊరికే నిలబడింది.

"అమ్మా," అంది పండు. "మేం... భోజనానికి..."

తల్లి ఆగింది. పెదవులు బిగించుకుని, కూతురి ముఖంలోకి చూస్తూ ఆగింది.

"...బయటికెళ్తున్నాం. అందరం కలిసి. నువ్వు... ఇంటికెళ్లు. సాయంత్రం నేనే వస్తాను."

"సరేనే," అంది తల్లి. "నన్ను... క్షమించవే పండూ."

పండు ఒక చెయ్యి వాకర్ మీంచి తీసి, తల్లి తడి భుజం మీద వేసింది. "జలుబు... చేస్తుంది. ముందు చీర మా...ర్చుకో," అంది. వెనకనుంచి ఎవరో పిలిస్తే అటు తిరిగింది.

తల్లి ఇంటికి వెళ్లలేదు. నేరుగా భర్త షాపుకి వెళ్లింది. ఆయన ఎవరివో కళ్లద్దాలకు చిన్న స్క్రూ బిగిస్తూ తలెత్తి, ఆమె అవతారం చూసి కంగారుగా లేచాడు.

"ఏమైంది? ఎలా చెప్పింది? నవ్వారా ఏమిటి?"

ఆమె కళ్లు మెరిశాయి. పన్ను సంగతీ, ఘొల్లున నవ్విన నవ్వూ, ఆ చప్పట్లూ అన్నీ నాలుక చివరన సిద్ధంగా ఉన్నాయి. నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. కళ్లు తుడుచుకుని, షాపుకొచ్చేవాళ్ల కోసం వేసిన స్టూల్ మీద కూర్చుంది.

"సాయంత్రం అది వచ్చాక అదే చెబుతుంది."

"అప్పటిదాకా నేనెలా ఉండేది?"

"నాలాగే," అందామె. "ఆగండి."